నామగిరి తాయారు బిడ్డ – గణితయోగి శ్రీనివాస రామానుజన్

పినాకినీ తీరమున పవళించిన తల్పగిరి రంగనాథుని సేవించుటకు నెల్లూరు వచ్చు యాత్రికులు అనేకులు. ఆ పట్టణమునకే 1910 డిసెంబరు నెలలో ఒక పేద శ్రీవైష్ణవ యువకుడు చంకలో నలిగిన నోటుపుస్తకము నిడుకొని వచ్చెను. ఆతడు వచ్చినది క్షేత్రదర్శనమునకు కాదు. కడుపునకింత అన్నము దొరకినచో మిగిలిన కాలమెల్ల లెక్కలతో గడుపుకొందునని జిల్లా కలెక్టరుతో విన్నవించుకొనుటకు వచ్చెను. తరువాతి కాలమున లోకమెల్ల కొనియాడిన గణితశాస్త్రవేత్త శ్రీనివాస రామానుజన్ ఆ యువకుడే.

రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన, పవిత్రమైన ధనుర్మాసమున, ఈరోడులో మాతామహుల ఇంట జన్మించెను. తండ్రి శ్రీనివాస అయ్యంగారు కుంభకోణములో ఒక బట్టల దుకాణమున గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ కోవెలలో భజనలు పాడెడిది. వారి ఇల్లు దివ్యదేశమైన శార్ఙ్గపాణి ఆలయపు సన్నిధివీధిలోనిది. నామక్కల్ క్షేత్రమున వెలసిన నృసింహస్వామి దేవేరి నామగిరి తాయారు ఆ కుటుంబమునకు ఇలవేలుపు. సంతానము లేక ఆ తల్లిని వేడుకొనగా కలిగిన బిడ్డ యని ఇంటివారి విశ్వాసము.

బాలుడు చురుకైనవాడు. 1903 ప్రాంతమున కార్ అను ఆంగ్లేయ ఉపాధ్యాయుడు కూర్చిన గణితసూత్రముల సంపుటి చేతబడెను. అందు వేలకొలది సూత్రములు కలవు గాని, ఉపపత్తులు మిక్కిలి తక్కువ. ఆ సూత్రములను ఒక్కొక్కటిగ తానే నిరూపించుకొనుచు పోవుటలో ఆతనికి లోకము మరపునకు వచ్చెను. కళాశాలలో తక్కిన విషయములను విస్మరించినందున విద్యార్థివేతనము పోయెను. 1905లో ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి విశాఖపట్టణము చేరెను. తరువాత చెన్నపట్టణమున పచ్చయప్ప కళాశాలలో చేరి ఎఫ్.ఏ. పరీక్ష వ్రాసి అందును తప్పెను. గణితమున అసమానుడు, పరీక్షలలో మాత్రము విఫలుడు. 1909లో జానకితో వివాహమయ్యెను. ఇక సంపాదన లేక తప్పదు.

ఉద్యోగము వెదకుచు ఆతడు తిరుక్కోయిలూరు పోయెను. ముదలాళ్వారులు మువ్వురు ఒక వానరాత్రి ఇరుకైన నడవలో కలిసికొనగా పెరుమాళ్ళు నాలుగవవాడై వారి నడుమ ఒత్తిగిలి నిలిచిన దివ్యదేశమది. అచ్చటి డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యరుగారు 1907లో భారత గణితశాస్త్ర సంఘమును స్థాపించినవారు. వచ్చినవాడు అడిగినది చిన్న గుమాస్తా కొలువు. నోటుపుస్తకము చూచిన అయ్యరుగారు, ఇట్టి ప్రతిభను తాలూకా కచ్చేరీలో అణగద్రొక్కుటకు మనసొప్పక, పరిచయలేఖలిచ్చి పంపిరి. పి.వి. శేషు అయ్యరుగారి ద్వారా ఆ త్రోవ నెల్లూరునకు సాగెను.

నెల్లూరు కలెక్టరు దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావుగారు గణితాభిమానులు, ఆ సంఘమునకు కార్యదర్శి. ఎవరో ఒకడు వచ్చి గణితము గూర్చి యేమేమో చెప్పుచున్నాడని గణితమెరుగని బంధువొకడు వారితో చెప్పెను. రావుగారు ఎదుటికి రప్పించిరి. పొట్టియాకారము, క్షౌరములేని ముఖము, శుభ్రత యంతగా లేని బట్టలు. కన్నులు మాత్రము మెరయుచుండెను. పుస్తకము తెరచి యువకుడు చెప్పసాగెను. ఇందేదో అపూర్వమైనది కలదని రావుగారికి తోచెను గాని, అది సత్యమో ప్రలాపమో తేల్చుకొనలేకపోయిరి. తీర్పు చెప్పక మరల రమ్మనిరి.

మరల వచ్చినప్పుడు రామానుజన్ శ్రోత యెంతవరకు గ్రహింపగలడో కనిపెట్టెను. మొదట సులభమైన ఫలితములను చూపెను. అటుపిమ్మట మెట్టుమెట్టుగా పైకి తీసికొనిపోయి, తుదకు అప్పటివరకు ప్రకటింపని అపసరణ శ్రేణుల సిద్ధాంతమును ముందుంచెను. రావుగారి సంశయము తీరెను. అధికారి తనకు తెలియని దానిని తెలియదని ఒప్పుకొని, మరల విని, మనసు మార్చుకొనుట సామాన్యమైన గుణము కాదు. ఏమి కావలెనని అడుగగా, పరిశోధన సాగించుకొనుటకు ప్రాణము నిలుపునంత గ్రాసము చాలునని యువకుడు బదులు చెప్పెను.

ఇట్టి మేధావిని నెల్లూరువంటి మారుమూల పట్టణమున ఉంచుట క్రౌర్యమని తలచి రావుగారు ఆతనిని చెన్నపట్టణమునకు తిరిగి పంపిరి. నెల్లూరువారు దీనికి నొచ్చుకొనవలదు. గ్రంథాలయములును పండితులును అప్పుడు అచ్చటనే యుండిరి. నెలకు 25 రూపాయలు తమ సొంత సొమ్ము పంపుచుండిరి. 1911లో రామానుజన్ తొలి పరిశోధనపత్రము ఆ సంఘపు పత్రికలో వెలువడెను. కాని ఒకరికి భారమై యుండుటకు ఆతని మనసు ఒప్పలేదు. 1912 మార్చి 1వ తేదీన చెన్నపట్టణపు పోర్టు ట్రస్టులో 30 రూపాయల జీతముపై గుమాస్తాగా చేరెను.

సూత్రములను స్వప్నమున నామగిరి తాయారు అనుగ్రహించుచున్నదని ఆతడు మిత్రులతో చెప్పెడివాడట. దీనినిబట్టి శ్రమలేక దొరకిన విద్య యని తలచుట పొరపాటు. కాగితము కొనలేక పలకపై గంటలకొలది లెక్కలు కట్టి, మోచేతితో తుడిచి, తుది ఫలితమును మాత్రము పుస్తకమున కెక్కించెడివాడు. రెండును రెట్టించుచు పోయి ఒకటి తీసివేయగా వచ్చు సంఖ్యలను భగవత్తత్త్వమునకు అన్వయించి చెప్పెడివాడని కూడ ఆప్తులు తలచుకొనెడివారు: మొదట సున్న, పిదప ఏకమైన పరతత్త్వము, ఆపై త్రిమూర్తులు, ఆపై సప్తర్షులు. అనంతుని పడకగా చేసికొన్న స్వామిని కొలుచువానికి అనంతశ్రేణులు పరాయివి కావు గదా!

1913 జనవరి 16వ తేదీన కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు తన ఫలితములను లేఖగా వ్రాసెను. హార్డీ ఆహ్వానించెను. చిక్కు అక్కడనే వచ్చెను. సముద్రయానము ఆచారవిరుద్ధమని కులపెద్దల మాట, తల్లి అంగీకరింపలేదు. తుదకు కోమలతమ్మాళ్‌కు నామగిరి తాయారు కలలో కనబడి, కుమారుని దారికి అడ్డు నిలువవలదని ఆనతిచ్చినదట. 1914 మార్చి 17వ తేదీన శిఖ తీసివేయించుకొన్న రామానుజన్ ఓడ యెక్కెను.

ఇంగ్లండులోను ఆతడు శాకాహారము విడువలేదు, స్వయంపాకమే. అంతలో మహాయుద్ధము వచ్చి పదార్థములు కరవయ్యెను. ఆ కష్టములోనే హార్డీతో కూడి సంఖ్యల విభజన రహస్యమును ఛేదించెను. నాలుగు లడ్డూలను కుప్పలుగా పెట్టుటకు అయిదు విధములు మాత్రమే కలవు. నూరు లడ్డూలైనచో ఆ విధములు 19,05,69,292. ఇట్టి లెక్కను ఒక సూత్రముతో పట్టుకొన్న ఆ పత్రము 1918లో వెలువడెను. ఆ సంవత్సరమే రాయల్ సొసైటీ సభ్యత్వము, ట్రినిటీ కళాశాల ఫెలోపదవి లభించెను. ఫెలోపదవి పొందిన తొలి భారతీయుడు ఆతడే. హార్డీ నాస్తికుడు, శిష్యుని భక్తిని అంతగా నమ్మినవాడు కాడు. అయినను ఆతని ప్రతిభకు తలవంచుటలో ఎన్నడును లోభము చూపలేదు.

అప్పటికే రోగము శరీరమును తినివేయుచుండెను. 1919 మార్చిలో స్వదేశము చేరిన రామానుజన్ మంచముపైననే లెక్కలు చేయుచు, 1920 జనవరిలో అనుకరణ తీటా ప్రమేయములను గూర్చి హార్డీకి తుది లేఖ వ్రాసెను. ఏప్రిల్ 26వ తేదీన చెన్నపట్టణమున, చేట్‌పట్‌లో, 32 ఏండ్ల ప్రాయమున పరమపదించెను. సముద్రము దాటి వచ్చి ప్రాయశ్చిత్తము చేసికొనలేదని ఆచారపరులైన బంధువులు పలువురు అంత్యక్రియలకు రాలేదు. తిరుక్కోట్టియూరు గోపురమెక్కి అందరికిని మంత్రార్థమును చాటిన ఉడయవరుల పేరు పెట్టుకొన్నవానికి ఇట్టి వీడ్కోలు తగినది కాదు.

భార్య జానకి తిరువల్లిక్కేణిలో 1994 వరకు జీవించెను. చివరినాటి వ్రాతలు 1976లో ట్రినిటీ గ్రంథాలయమున జార్జి ఆండ్రూస్ కంటబడెను. వానిలోని అనుకరణ తీటా ప్రమేయముల స్వరూపము 2002లో గాని పూర్తిగా తేటపడలేదు. అంతకు ఎంతో ముందే, 1927లో, కేంబ్రిడ్జివారు ఆతని పరిశోధనలను సంపుటముగా ప్రకటించిరి. అందు జీవితచరిత్ర వ్రాసినవారు శేషు అయ్యరుగారును రామచంద్రరావుగారును. నెల్లూరులో తమ యెదుట నిలిచిన ఆ పొట్టియాకారమును, చంకలోని నలిగిన పుస్తకమును, మెరయుచున్న కన్నులను రావుగారు ఇన్నేండ్ల తరువాతను మరువక అందు వర్ణించియుండిరి.