గిడుగు వెంకట రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (ఆగస్టు 29, 1863 – జనవరి 22, 1940) తెలుగు వాడుక భాషా ఉద్యమానికి మూలపురుషుడు, సవర భాషకు సమగ్రమైన వ్యాకరణాన్నీ నిఘంటువునూ సమకూర్చిన భాషాశాస్త్రవేత్త, శాసన పరిశోధకుడు, ఉపాధ్యాయుడు. తెలుగువారు ఎక్కువగా మొదటి కారణం చేతనే ఆయనను స్మరించుకుంటారు. కాని ఆయన జీవితంలో సవర భాష ముందు వచ్చింది, తెలుగు ఉద్యమం తరువాత వచ్చింది. ఈ వరుసను గమనించకపోతే ఆయన తెలుగు గురించి చేసిన వాదం సగమే అర్థమవుతుంది.

బాల్యం, ఉద్యోగం

రామమూర్తి శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలో, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో జన్మించాడు. తల్లిదండ్రులు వెంకమ్మ, వీర్రాజు. రెవెన్యూ ఉద్యోగి అయిన తండ్రి చోడవరానికి బదిలీ అయి 1875లో అక్కడే విషజ్వరంతో మరణించాడు. రామమూర్తి విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశాడు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజా వారి పాఠశాలలో చరిత్ర బోధించే ఉపాధ్యాయుడిగా చేరాడు. జీతం నెలకు 30 రూపాయలు. ఉద్యోగం చేస్తూనే పై పరీక్షలు ప్రైవేటుగా చదివి పట్టభద్రుడయ్యాడు. ప్రాచీన లిపులను కూడా ఎవరి సాయమూ లేకుండా నేర్చుకుని, ముఖలింగం ఆలయంలోని శాసనాలను చదివి, తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం గురించి వ్యాసాలు వ్రాశాడు.

మూడు భాషా కుటుంబాల నేల

టెక్కలి, పలాస, మందసల నుండి పడమరకు నడిస్తే ఒక పూట ప్రయాణంలో మహేంద్రగిరి వైపు కొండలు మొదలవుతాయి. తీరాన ఉద్దానం తోటల్లో తెలుగు, సోంపేట, ఇచ్ఛాపురం పరిసరాల్లో దానితో కలిసి ఒరియా, కొండ మీద సవర వినిపిస్తాయి. తెలుగు ద్రావిడ భాష, ఒరియా ఇండో-ఆర్య భాష, సవర ముండా శాఖకు చెందిన ఆస్ట్రో-ఆసియాటిక్ భాష. సవరకు బంధువులను వెతకాలంటే ఉత్తరాన సంతాలీ, ముండారీలను, సముద్రానికి ఆవల కంబోడియాలోని ఖ్మేర్‌ను చూడాలి. మైదానంలోని వారు దీనికి వ్యాకరణం ఉంటుందని కూడా అనుకోలేదు. సంతలో బేరానికి చాలినన్ని మాటలు తెలిస్తే సరిపోయేది.

పర్లాకిమిడిలో సవరలను చూసిన రామమూర్తి, తెలుగు తెలిసిన ఒక సవరను తన ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకోవడం ప్రారంభించాడు. అప్పుడు ఆయన చేతిలో సవర పుస్తకం ఒక్కటీ లేదు. విన్నది వ్రాసుకోవడం, పోల్చడం, మళ్ళీ అడగడం తప్ప వేరే దారి లేదు. తరువాత కొండ గ్రామాలు స్వయంగా తిరిగాడు. మన్యపు జ్వరాలకు అధికంగా వాడిన క్వినైన్ వల్ల ఆయనకు చెవుడు వచ్చి జీవితాంతం ఉండిపోయింది. ధ్వనులను చెవితో పట్టి వ్రాయవలసిన పనిలో ఇది ఎంత నష్టమో చెప్పనవసరం లేదు. అయినా ఆయన పని ఆగలేదు. కుమారుడు గిడుగు వెంకట సీతాపతి (1885–1969) ఈ కృషిలో ఆయనకు తోడయ్యాడు.

సవర వ్యాకరణం

సవర భాష కూడా తెలుగు వలెనే క్రియను వాక్యం చివర ఉంచుతుంది. పోలిక చాలావరకు అక్కడితో సరి. తెలుగు ప్రత్యయాలను ధాతువుకు వెనుక చేరుస్తుంది: చేయు నుండి చేయించు వస్తుంది. సవరలో ఈ ప్రేరణార్థం ధాతువుకు ముందు చేరే 'అబ్' వల్ల వస్తుంది. క్రియను నామంగా మార్చడానికి నకారంతో కూడిన అక్షరాన్ని ధాతువు మధ్యలో చొప్పిస్తారు. తెలుగు, సంస్కృత వ్యాకరణాలు చదివినవారికి ఇది వింతగా తోస్తుంది, కాని ఖ్మేర్ భాషలోనూ ఇటువంటి పద్ధతి ఉంది.

అన్నిటికంటే విశేషమైనది నామాన్ని క్రియలో ఇమిడ్చే పద్ధతి. సవరలో అనేక నామాలకు రెండు రూపాలుంటాయి. ఒకటి విడిగా పలికేది, మరొకటి సమాసంలోనూ క్రియలోనూ వచ్చే పొట్టి రూపం. పులిని విడిగా 'కిన' అంటారు, క్రియలో అది 'కిడ్' అవుతుంది. పట్టుకొను అనే అర్థం గల 'ఞమ్' ధాతువుతో చేరి 'ఞమ్‌కిడ్‌తమ్' అనే ఒకే పదం ఏర్పడుతుంది (తెలుగు లిపిలో ఇది ఉజ్జాయింపు మాత్రమే). పులి నిన్ను పట్టుకుంటుందని దీని అర్థం. పట్టుకోవడం, పులి, భూతేతర కాలం, నిన్ను అనే నాలుగు అంశాలూ ఆ వరుసలోనే అందులో ఉన్నాయి. తెలుగు క్రియ కర్తను మాత్రమే సూచిస్తుంది, ఇక్కడ కర్మ కూడా క్రియాపదంలోనే చేరింది. నామాన్ని క్రియలో ఇమిడ్చే భాషలు అమెరికా ఖండాల్లోనూ సైబీరియాలోనూ ఉన్నాయి. అయితే వాటిలో సాధారణంగా ఇమిడేది కర్మ. పట్టుకునే పులి, అంటే సకర్మక క్రియకు కర్త, లోపలికి చేరడం చాలా అరుదు.

లెక్కించే తీరు కూడా వేరు. తెలుగులో పది తరువాత పదిపై మూడు పదమూడు అవుతుంది. సవరలో పన్నెండు వరకు వేరు పేర్లుండి, పదమూడు పన్నెండుపై ఒకటి అవుతుంది. ఇరవై దాటాక ఇరవైల లెక్క: ముప్పైమూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి.

సవర ఉచ్చారణలో గొంతు బిగించి వదిలే ధ్వని ఉంది. దానికి గాని, కొన్ని అచ్చులకు గాని తెలుగు లిపిలో గుర్తులు లేవు. మొదట తెలుగు లిపిలో వాచకాలు, కథలు, పాటలు సిద్ధం చేసిన రామమూర్తి, శాస్త్ర గ్రంథాలకు అంతర్జాతీయ ధ్వని లిపిని స్వీకరించాడు. ఇంగ్లీషులో వ్రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ముద్రించింది. ఇంగ్లీషు–సవర నిఘంటువు 1933లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి.

ఇదంతా పండితుల కోసం మాత్రమే చేసిన పని కాదు. సవర పిల్లలకు సొంత డబ్బుతో బడి నడిపి వారి భాషలోనే చదువు చెప్పించాడు. ప్రభుత్వం ఇవ్వజూపిన పారితోషికాన్ని వద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరాడు. 1913లో ప్రభుత్వం ఆయనకు రావు బహదూర్ బిరుదునిచ్చింది.

వాడుక భాషా ఉద్యమం

1906 ప్రాంతంలో ఉత్తర కోస్తా పాఠశాలల పర్యవేక్షకుడు జె.ఎ. యేట్స్, పుస్తకాల తెలుగుకూ జనం తెలుగుకూ ఇంత దూరం ఎందుకని ఆరా తీయడంతో చర్చ రాజుకుంది. అప్పటి బడి తెలుగుకు 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రమాణం. రామమూర్తి దృష్టిలో వ్యాకరణం భాషను అనుసరించాలి. కొండ మీద ఆయన చేసినది అదే: సవరలు పలికినదే ప్రమాణం, దానిని మించిన గ్రంథం లేదు. గురజాడ, యేట్స్, విశాఖపట్నం కళాశాల ప్రధానాచార్యుడు పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆయన పక్షాన నిలిచారు. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఎదిరించారు. 1914లో విశ్వవిద్యాలయ సంఘంలో గురజాడ అసమ్మతి పత్రం ఇచ్చినా గ్రాంథికమే నెగ్గింది. మరుసటి ఏడాది గురజాడ మరణించాడు.

1911లో ఉద్యోగ విరమణ చేసిన రామమూర్తి తన కాలమంతా ఈ పనికే వెచ్చించాడు. 1919లో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. అదే ఏడు రామమూర్తి 'తెలుగు' అనే మాసపత్రిక నడిపాడు. 'బాలకవి శరణ్యం', 'గద్య చింతామణి', 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' ఆయన వాదగ్రంథాలు. గ్రాంథికాన్ని సమర్థించే పండితులే దానిని తప్పులు లేకుండా వ్రాయలేకపోతున్నారని ఉదాహరణలతో చూపడం ఆయన ప్రధానాయుధం.

ఒక పరిమితిని కూడా చెప్పుకోవాలి. ఆయన కోరినది శిష్ట వ్యావహారికం, అనగా చదువుకున్నవారి వాడుక. సవరల నోటి మాటకు ఇచ్చిన ప్రామాణికతను ఏమిటిని 'ఏటి' అనే ఉద్దానం రైతు మాటకు ఆయన అదే స్థాయిలో కోరలేదు.

చివరి సంవత్సరాలు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు టెక్కలి, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండగా పర్లాకిమిడి ఒరిస్సాలో చేరింది. ఆ విభజనను అంగీకరించలేక రామమూర్తి 72 ఏళ్ళ వయసులో, 56 ఏళ్ళు కాపురమున్న ఊరిని విడిచి రాజమండ్రి చేరాడు. 1900 నుండి టెక్కలి మీదుగా నౌపడాకు నడుస్తున్న చిన్న రైలు అప్పటికి రెండు రాష్ట్రాల మధ్య బండి అయింది. అదే 1936లో మంగేయి గొమాంగో సవరకు 'సొరాంగ్ సోంపెంగ్' అనే సొంత లిపిని రూపొందించాడు.

1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం రామమూర్తికి కళాప్రపూర్ణ బిరుదు ప్రదానం చేసింది. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులను కలిసి వాడుక భాషను విడవవద్దని విన్నవించాడు. వారం తరువాత, జనవరి 22న కన్నుమూశాడు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు. భాషల నిర్మాణాన్ని పోల్చే శాస్త్రజ్ఞులు కర్త క్రియలో ఇమిడే అరుదైన పద్ధతికి ఉదాహరణగా 1931 నాటి ఆయన వ్యాకరణంలోని సవర క్రియలను పేర్కొంటారు.