మట్టి బొమ్మకు చూపు తెచ్చిన శిల్పి ఊదోన్

పోయిన ఏడాది క్రాఫ్టు పీరియడ్‌లో నేను మా అవ్వ బొమ్మ మట్టితో చేశాను. ముక్కు కుదిరింది, ముడతలు కూడా కుదిరినాయి. కళ్లు మాత్రం గోళీల్లాగా వచ్చాయి. గుడ్డి అవ్వ అని అందరూ నవ్వారు. అందుకే ఈసారి మన గోడపత్రికకు, కళ్లు చెయ్యడంలో పేరు పొందిన ఒక శిల్పి జీవితం రాస్తున్నాను.

ఆయన పేరు ఝాన్ ఆంత్వాన్ ఊదోన్. 1741వ సంవత్సరంలో ఫ్రాన్సు దేశంలోని వెర్సాయ్‌లో జన్మించారు. వాళ్లది గొప్ప కుటుంబం కాదు. తండ్రి పారిస్‌లో ఒక స్కూలుకి కాపలాదారు. బొమ్మలు వేయడంలో, శిల్పాలు చెక్కడంలో బహుమతులు గెలిచిన పిల్లలు చదివే స్కూలు అది. ఊదోన్ అక్కడే పెరిగారు. పెద్ద పిల్లలు పని చేస్తుంటే చూసి మట్టి పిసకడం నేర్చుకున్నారు. 1761లో, ఇరవై ఏళ్లకు, ఆయనే పెద్ద బహుమతి గెలిచారు. తండ్రి కాపలా కాసిన స్కూల్లోనే విద్యార్థి అయ్యారు! ఈ మాట చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

1764లో రోమ్ నగరం వెళ్లి నాలుగేళ్లు ఉన్నారు. అక్కడ ఆస్పత్రిలో శవాలను కోస్తుంటే దగ్గరుండి చూసి, చర్మం కింద కండలు ఎలా ఉంటాయో నేర్చుకున్నారు. 1767లో చర్మం లేని మనిషి బొమ్మ చేశారు. దాని నకళ్లు పెట్టుకుని తర్వాత ఎందరో విద్యార్థులు బొమ్మలు నేర్చుకున్నారు.

ఇక కళ్ల సంగతి. పాత గ్రీకు విగ్రహాల కళ్లకు రంగు వేసేవారు. రంగు పోయాక ఉత్త తెల్ల గుడ్లు మిగిలాయి. ఊదోన్ రంగు వాడకుండానే చూపు తెచ్చారు. నల్లగుడ్డు ఉండే చోట మట్టిని గుండ్రంగా లోపలికి తీసేవారు. నడుమ పాప దగ్గర ఇంకా లోతుగా తవ్వేవారు. గుంటలో నీడ పడుతుంది కదా, ఆ నీడే నలుపు. కానీ మట్టి అంతా తీసెయ్యకుండా పై అంచున చిన్న పలుకు వదిలేవారు. వెలుతురు దాని మీద పడి మెరుస్తుంది. పక్కవాళ్ల కళ్లలోకి చూడండి, అట్లాంటి మెరుపు చుక్క కనిపిస్తుంది. తర్వాత పాలరాతిలో కూడా ఇట్లాగే చెక్కారు.

1778లో వోల్టేర్ అనే పెద్ద రచయిత ఆయన ముందు కూర్చున్నారు. అప్పటికి 83 ఏళ్లు, నోట్లో పళ్లు లేవు. ఆ ఏడాదే మే నెలలో చనిపోయారు. బొమ్మలో మాత్రం ఆ ముసలాయన కళ్లు ఇప్పటికీ నవ్వుతున్నట్టే ఉంటాయి.

1785లో ఊదోన్ ఓడ ఎక్కి అమెరికా వెళ్లారు. జార్జి వాషింగ్టన్ గారిని బల్ల మీద పడుకోబెట్టి, ముక్కులో ఈకల గొట్టాలు పెట్టి, మొహానికి ప్లాస్టర్ పూసి అచ్చు తీశారు. ఇంట్లో ఉన్న ఆరేళ్ల మనవరాలు నెల్లీ చూసి తాత చనిపోయాడేమో అని భయపడిందంట. అచ్చు తీసేటప్పుడు కళ్లు మూసుకోవాలి. కాబట్టి అచ్చులో ముక్కు వస్తుంది, గడ్డం వస్తుంది, చూపు రాదు. చూపు కోసం ఊదోన్ సుమారు రెండు వారాలు ఆ ఇంట్లోనే ఉండి ఆయనను గమనించారు. అప్పుడు చేసిన మట్టి బొమ్మ ఇప్పటికీ ఆ ఇంటి ఆవరణలోనే ఉంది.

ఊదోన్ 1828లో పారిస్‌లో మరణించారు.

దీని నుంచి నేను ఒకటి తెలుసుకున్నాను. నేను మా అవ్వను సరిగ్గా చూడకుండానే బొమ్మ చేశాను. మా అవ్వకు నిజంగానే ఎడమ కంటికి పొర వచ్చింది. మీరు నవ్వినప్పుడు అందుకే నాకు ఏడుపు వచ్చింది. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి, పొయ్యి దగ్గర అవ్వ ఎదురుగా కూర్చుని చూస్తాను. కుడి కన్ను లోతుగా తవ్వి మెరుపు పలుకు పెడతాను. ఎడమ కన్ను తవ్వను. అప్పుడు అది గుడ్డి బొమ్మ కాదు, మా అవ్వ అవుతుంది.

– 9వ తరగతి విద్యార్థిని