మాదన్న మంత్రి – అపనింద, దాని ఫలము

దోషము నిరూపింపబడక పూర్వమే అమాత్యుని బలిగొన్న రాజ్యము ఎట్టి గతి నొందునో తెలుపుటకు గోలకొండ చరిత్రమున మాదన్న జీవితము ప్రబలమగు నిదర్శనము. కుతుబ్‌షాహీ వంశమున చివరి ప్రభువగు అబుల్ హసన్ తానీషాకు ఈతడు పదేండ్లకు పైగా ప్రధానమంత్రి. 1686 మార్చిలో గోలకొండ వీథిలో హతుడయ్యెను. ఆ యొక్కని తొలగించినచో మొగలు చక్రవర్తి శాంతించునని, రాజ్యము నిలుచునని నాటి యంతఃపురమును, సరదారులును గట్టిగా నమ్మిరి. పదునెనిమిది మాసములు తిరుగకుండ రాజ్యమే నశించెను.

మాదన్న హనుమకొండ ప్రాంతమునకు చెందిన బ్రాహ్మణ కుటుంబమువాడు. తండ్రి భానూజీ పంతులు. సోదరుడు అక్కన్న. లెక్కలయందును వ్రాతకోతలయందును ఆరితేరి, రాజభాషయగు పారసీకమున ప్రవీణుడై, దివాణమున చిన్న యుద్యోగముతో జీవితము నారంభించి క్రమముగా పైకి వచ్చెను. 1672లో అబ్దుల్లా కుతుబ్‌షా మరణింపగా, సయ్యద్ ముజఫర్ అను సరదారుని తోడ్పాటుతో అబుల్ హసన్ సింహాసన మెక్కెను. ప్రభువు తన చేతిలో కీలుబొమ్మగా నుండవలెనని ముజఫర్ తలపు. మాదన్న అప్పటికి ఆ సరదారుని కొలువులోనే ఉండెను. ప్రభుత్వమున నిజమైన యధికారము ప్రభువునకే చెందవలెనని కోరిన తానీషాకు అతని బుద్ధిబలము తోడయ్యెను. రక్తపాతము లేకుండ ముజఫర్ తొలగింపబడెను. మాదన్నకు మీర్ జుమ్లా పదవియు, సూర్యప్రకాశరావు అను బిరుదమును లభించినవి. అక్కన్నకును ఉన్నతోద్యోగము దొరకెను.

మాదన్న పాలనమున గుణములతోపాటు దోషములును కలవు. శిస్తు వసూలును, కోశమును కట్టుదిట్టము చేసినమాట నిజము. తన బంధువులకు పెద్ద పదవులిచ్చినమాటయు నిజము. రుస్తుంరావు సేనయందును, పొదిలి లింగన్న కర్ణాటక ప్రాంతమునందును అధికారులైరి. తీరమున వర్తకము నడపుచుండిన డచ్చివారు, ఇంగ్లీషువారు ఈ సోదరుల పట్టుదలను గూర్చి పలుమారు మొరపెట్టుకొనిరి. పూర్వము దివాణమున పెత్తనము నెరపిన సరదారులకు ఈ మార్పు కంటగింపయ్యెను. ఈ యసూయయే తరువాతి నిందకు మూలము. పక్షపాతము దోషమే. కాని దానిని రాజద్రోహముగా మార్చుట వేరు సంగతి.

1677లో శివాజీ భాగ్యనగరమునకు వచ్చెను. తానీషా ఆయనను సగౌరవముగా నెదుర్కొనెను. కర్ణాటక దండయాత్రకు గోలకొండ ధనమును, సేనను, ఫిరంగులను సమకూర్చుటకును, జయించిన సీమలలో కొంత భాగము గోలకొండకు చెందుటకును ఒడంబడిక జరిగెను. దీని వెనుక మాదన్న యాలోచన కలదనుటకు సందేహము లేదు. ఉత్తరమునుండి వచ్చు మొగలుల నెదిరించుటకు దక్షిణ రాజ్యములు ఏకము కావలెనన్నదే అతని నీతి. జింజి కోట శివాజీ వశమయ్యెను. ఐనను ఒప్పుకొన్న భాగము గోలకొండకు రాలేదు. మాదన్న లెక్క తప్పెను. ప్రత్యర్థులకు ఇదియే ప్రధానాయుధమయ్యెను. స్వమతస్థునికి రాజ్యధనమును దోచిపెట్టెనని ప్రచారము సాగెను. ఆ యొడంబడికకు కర్త తానీషాయే యన్న సంగతి మరుగున పడెను.

అతనివలననే మొగలు దండయాత్ర వచ్చినదను మాట ఎంత యసత్యమో కాలగణనమే తెలుపును. ఔరంగజేబు యువరాజుగా నుండి గోలకొండను ముట్టడించినది 1656లో. అప్పటికి మాదన్న మంత్రి కాడు. ఆనాడు మీర్ జుమ్లా పదవిలో నుండిన మహమ్మద్ సయ్యదే తన ప్రభువును విడిచి మొగలుల పక్షము చేరెను. గోలకొండ వజ్రపు గనులపైనను, రేవులపైనను మొగలుల దృష్టి అంతకు పూర్వమునుండియే కలదు. అదే పదవిలో నుండి ద్రోహము చేసినవాడు మొగలు కొలువున గౌరవముతో బ్రదికెను. ద్రోహము చేయనివాడు ద్రోహిగా చచ్చెను.

1685లో మొగలులు బిజాపురమును ముట్టడించిరి. బిజాపురమునకు సాయము పంపుదునని తానీషా వ్రాసిన యుత్తరము చక్రవర్తికి చిక్కెను. యువరాజు షా ఆలం పెద్ద సేనతో గోలకొండపైకి వచ్చెను. మల్ఖేడు ప్రాంతమున పోరు సాగుచుండగా, గోలకొండ సేనానాయకుడగు మీర్ మహమ్మద్ ఇబ్రహీం శత్రుపక్షమున చేరెను. దారి తెరువబడెను. తానీషా భాగ్యనగరమును విడిచి గోలకొండ కోటలో చొచ్చెను. నగరము కొల్లగొట్టబడెను. ప్రత్యక్షముగా రాజ్యమును ముంచినవాడు సేనాపతి. జనుల క్రోధము మాత్రము మంత్రిపై పడెను. సంధి షరతులలో అపార ధనమును, మల్ఖేడు, సేడం సీమలను ఇచ్చుటయే కాక, మాదన్న, అక్కన్నలను తొలగించుటయు నొకటి. తానీషా దీనికి వెంటనే సమ్మతింపక కాలయాపన చేసెను. మహమ్మదీయ ప్రభువు బ్రాహ్మణ మంత్రిని వదలుకొనుటకు ఇష్టపడలేదన్న ఈ యంశము గమనింపదగినది.

ప్రభువు జాగు చేయుట చూచి, గత సుల్తాను అబ్దుల్లా భార్యలును, కొందరు సరదారులును కుట్ర పన్నిరి. ఒకనాటి రాత్రి దర్బారు ముగించుకొని ఇంటికి మరలుచున్న సోదరులను బానిసలు కొందరు నడివీథిలో చుట్టుముట్టి చంపిరి. ఇండ్లు దోపిడియయ్యెను. మాదన్న శిరస్సును షా ఆలమునకు కానుకగా పంపిరి. విచారణ లేదు, సాక్ష్యము లేదు, ప్రభువు ఆజ్ఞయు లేదు.

ఆ కానుక వలన కలిగిన లాభమేమి? 1686 సెప్టెంబరులో బిజాపురము పడెను. 1687 ఆరంభమున ఔరంగజేబు స్వయముగా గోలకొండను ముట్టడించెను. అప్పుడు చక్రవర్తి మోపిన నేరములలో బ్రాహ్మణునకు రాజ్యాధికార మిచ్చుట యొకటి. ఆ బ్రాహ్మణుడు చచ్చి సంవత్సరము కావచ్చెను. నేరము మాత్రము చావలేదు. ఇంచుమించు ఎనిమిది మాసములు కోట నిలిచెను. మొగలుల ఫిరంగులకు గాని, సొరంగములకు గాని అది లొంగలేదు. తుదకు 1687 సెప్టెంబరులో అబ్దుల్లాఖాన్ పనీ యను సరదారుడు లంచముగొని రాత్రివేళ ద్వారము తెరచెను. పారసీకుడగు అబ్దుల్ రజాక్ లారీ ఒడలెల్ల గాయములై పడువరకు పోరెను. స్వామిభక్తికి గాని, ద్రోహమునకు గాని మతము కారణము కాదని ఈ యిరువురి చరిత్రమే ప్రమాణము. తానీషా బందీయై దౌలతాబాదు కోటలో చాలకాలముండి 1699లో మృతినొందెను.

అర్థశాస్త్రము రాజ్యమునకు ఏడు అంగములు చెప్పినది. స్వామి తరువాత గణింపబడినవాడు అమాత్యుడు. పిదప జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రము. గోలకొండవారు సీమ నిచ్చిరి, కోశము నొడ్డిరి, అమాత్యుని చంపిరి. మిత్రమగు బిజాపురము నశించెను. మిగిలిన దుర్గము లోపలి చేతితోనే తెరువబడెను. చివరకు స్వామియు బందీ యయ్యెను. ఒక యంగమును ఛేదించి శేషించిన ఆరింటిని కాపాడుకొందు మనుకొనుటయే వారి భ్రాంతి. ఒకడు నిందించెను. వేరొకడు పరీక్షింపక నమ్మెను. ఆతనిని జూచి వేయిమంది నమ్మిరి. అంధపరంపరా న్యాయమునకు ఇంతకంటె తగిన యుదాహరణము అరుదు.

విజయవాడలోని కొండగుహలకు అక్కన్న మాదన్నల పేరు వాడుకలో నున్నది. ఆ గుహలు వీరికి సుమారు వేయి సంవత్సరములు పూర్వమే తొలువబడినవి. జనవాక్యము చేయని నేరము నంటగట్టి మాదన్నను చంపినది. అదే జనవాక్యము తరువాతి కాలమున చేయని పుణ్యమును గూడ అతని కొసగినది. రెండును పరీక్షింపని నమ్మకమునుండి పుట్టినవే. ఐనను రెండవదాని వలన ఎవరి ప్రాణమును పోలేదు. మొదటిదాని వలన ఒక మంత్రియు, ఒక రాజ్యమును నశించినవి.