నాన్నకు చెప్పుకోలేని దిగులు

జాన్ స్టూవర్ట్ మిల్ 1806లో లండన్‌లో పుట్టారు. తండ్రి జేమ్స్ మిల్ కొడుకును బడికి పంపకుండా తానే చదివించారు. మూడేళ్లకే గ్రీకు, ఎనిమిదేళ్లకు లాటిన్ మొదలయ్యాయి. ఈడు పిల్లలతో ఆటల్లేవు. చెల్లెళ్లకు పాఠాలు చెప్పడమూ ఆ పిల్లవాడి పనే. 17వ ఏట తండ్రి పనిచేసే ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలోనే ఉద్యోగంలో చేరారు.

1826లో, ఇరవయ్యో ఏట, మనసు కుంగిపోయింది. తాను కోరిన సంస్కరణలన్నీ జరిగినా సంతోషం ఉండదనిపించింది. నిద్రలేచినా దిగులు పోలేదు. రోజువారీ పనులు మాత్రం అలవాటుకొద్దీ చేసుకుపోయారు. తండ్రికి చెప్పలేదు. చెప్పినా అర్థంచేసుకోలేరనుకున్నారు. తాను చెప్పిన చదువే విఫలమైందని తండ్రి బాధపడటమూ ఇష్టంలేకపోయింది.

కొన్ని నెలల తర్వాత ఫ్రెంచి రచయిత మార్మోంటెల్ జ్ఞాపకాల పుస్తకం చదివారు. తండ్రిని పోగొట్టుకున్న ఇంటికి చిన్న కుర్రాడు అండగా నిలిచే ఘట్టం దగ్గర మిల్‌కు కన్నీళ్లొచ్చాయి. తనలో ప్రేమాభిమానాలు ఇంకిపోలేదని తెలిసి బరువు తగ్గింది. 1828లో వర్డ్స్‌వర్త్ కవితలు మరింత ఊరటనిచ్చాయి. దిగులు మళ్లీ మళ్లీ వచ్చింది, ఒక్కోసారి నెలల తరబడి ఉంది. కానీ మొదటిసారంత కుంగదీయలేదు.

1859లో 'ఆన్ లిబర్టీ' ప్రచురించిన ఆ మేధావి 1873లో కన్నుమూశారు. అదే ఏడాది వెలువడిన ఆత్మకథలో ఇదంతా దాచకుండా చెప్పారు. తెలివితోపాటు భావాలనూ పెంచాలన్నది ఆయన నేర్చుకున్న పాఠం.

బాగా చదివే పిల్లలు ముభావంగా ఉంటే, మార్కులు తగ్గలేదు కదా అని ఊరుకోవద్దు. పక్కన కూర్చుని అడుగుదాం. దిగులు వారాలైనా తగ్గకపోతే వైద్యుడికి చూపిద్దాం.