గంగను కావేరికి తేవాలనుకున్న కేఎల్ రావు

ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. అయినా బోరు నీళ్లను నమ్మలేక, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని పైపుల్లో ఊళ్లకు రప్పించారు. దాదాపు రూ.700 కోట్ల ఈ పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. నీళ్లున్న చోటు నుంచి లేని చోటుకు తేవడం అనే ఈ పనినే దేశమంతటికీ ఊహించిన తెలుగువాడు కానూరి లక్ష్మణరావు.

1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. బళ్లో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కన్ను చూపు పోయింది. ఆ ఒక్క కంటితోనే మద్రాసు గిండీలో ఇంజినీరింగ్, 1939లో బర్మింగ్‌హామ్‌లో పీహెచ్‌డీ! నాగార్జునసాగర్ డిజైన్‌లో ఆయనది పెద్ద చెయ్యి. సిమెంటు, ఉక్కు కొరతగా ఉన్న రోజులవి. అందుకే రాతికట్టు ఎంచుకున్నారు. వేలమంది కూలీలకు పని కూడా దొరికింది.

1962లో విజయవాడ ఎంపీ, తర్వాత కేంద్ర నీటిపారుదల మంత్రి. 1972లో గంగ-కావేరి ప్రతిపాదన తెచ్చారు. 2,640 కిలోమీటర్ల కాలువ, 60 వేల క్యూసెక్కులు. నీటిని ఎత్తిపోయడానికే వేల మెగావాట్ల కరెంటు కావాలి. అంత ఖర్చు భరించలేమని పక్కన పెట్టేశారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. 1986లో ఆయన కన్నుమూశారు. పులిచింతల ప్రాజెక్టుకు ఇప్పుడు ఆయన పేరే.

సివిల్ చదువుతున్న సిక్కోలు కుర్రాళ్లూ, అమ్మాయిలూ! హిరమండలం నుంచి కవిటి దాకా నీళ్లు రావాలంటే పంపుకి ఎంత కరెంటు కావాలో ఈ ఆదివారం లెక్కకట్టి చూడండి.