ధర్మప్రవర్తక గుబ్బి తోటదప్ప

ములుగు, గజ్వేలు వంటి చిన్న ఊళ్ళలో ఇనుపసామాను అంగడివానికి ప్రత్యేకమైన స్థానము కలదు. నాగటి కర్రు మొదలు బావి గిలకవరకు, తలుపు గొళ్ళెము మొదలు పందిరి మేకువరకు ఊరివారికి కావలసినవన్నియు వాని అంగడినుండియే రావలెను. పంట చేతికి వచ్చువరకు అరువు పెట్టి, తూకమున తేడా రానీయని వర్తకుడు కన్నుమూసిననాడు ఊరంతయు ఇంటిపెద్దను కోల్పోయినట్లు దుఃఖించును. అంగడి ధనార్జనకే కాక ధర్మార్జనకును స్థానమగునని శ్రీ బసవేశ్వరుని కాయక దాసోహ తత్త్వములు తెలుపుచున్నవి. ఈ తత్త్వములను తమ జీవితమున ఆచరించి చూపిన వీరశైవ వర్తకులలో గుబ్బి తోటదప్పగారు అగ్రగణ్యులు.

తోటదప్పగారు 1838వ సంవత్సరమున కర్ణాటకమందలి తుముకూరు ప్రాంతమున గల గుబ్బి గ్రామమునకు చెందిన వీరశైవ కుటుంబమున జన్మించిరి. గుబ్బి చిన్న ఊరే అయినను, మైసూరు సీమలో సంతకును వర్తకమునకును పేరుగాంచినది. తరువాత ఆ కుటుంబము బెంగుళూరు చేరి, పాతనగరమందలి మామూలుపేటలో వ్యాపారము ప్రారంభించినది. ఇరుకు వీధులు, ఎడతెగని బేరములు గల ఆ పేటలో తోటదప్పగారు వర్తకులై ధనము గడించిరి.

అయితే వారికి సంతానము లేదు. జీవితమంతయు శ్రమించి కూడబెట్టినది ఎవరికి చెందవలెనను ప్రశ్న అట్టి గృహస్థును ఎంతయో బాధించును. తోటదప్పగారు ఆ ప్రశ్నకు కనుగొన్న సమాధానమే వారిని చిరస్మరణీయులను గావించినది. తమ సంపదనంతయు ప్రజాహితమునకు అంకితము చేయ నిశ్చయించి, ఊరు పేరు తెలియని బాటసారిని తమ వారసునిగా ఎన్నుకొనిరి.

బెంగుళూరునకు 1864లోనే రైలుమార్గము వచ్చినది. వ్యాజ్యములకై వచ్చువారు, వైద్యమునకై వచ్చువారు, యాత్రికులు, విద్యార్థులు నానాటికి అధికమగుచుండిరి. ధనవంతునకు బంధువుల ఇండ్లో, పూటకూళ్ళ ఇండ్లో దొరకును. రాత్రివేళ మూటతో బండి దిగిన పేదవానికి తల దాచుకొను చోటేది? పూర్వులు సత్రములను దేవాలయముల చెంతను, బాటల ప్రక్కను కట్టించిరి. తోటదప్పగారు కాలము మారినదని గ్రహించి, 1897లో రైలు స్టేషను సమీపముననే స్థలమును సంపాదించిరి. ఏ సరుకు ఎక్కడ అవసరమో ఎరుగుట వర్తకుని నేర్పు. ఆ నేర్పునే వారు దానధర్మమునందును చూపిరి.

మరుసటి సంవత్సరమే, అనగా 1898లో, బెంగుళూరున ప్లేగు వ్యాపించినది. జనులు ఇండ్లు విడిచి పారిపోయిరి. కొత్తవానిని చేరదీయుటకే భయపడిన కాలమది. అట్టి విపత్తు నడుమ వచ్చినను సంకల్పము చెదరలేదు. 1903 ఫిబ్రవరి 11వ తేదీన ఆ ధర్మసత్రమును మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ప్రారంభించిరి. అప్పటికి ఆ యువ మహారాజు పాలనాధికారమును చేపట్టి కొలది నెలలే అయినది.

తోటదప్పగారి దృష్టి అంతటితో ఆగలేదు. పల్లెలనుండి వచ్చు పేద బాలురకు చదువుకొను ఆశ ఉన్నను నగరమున నిలువ నీడ లేకుండెను. వారికొరకు ఉచిత విద్యార్థి వసతిగృహమును నెలకొల్పిరి. సత్రము బాటసారికి ఒకరాత్రి ఆశ్రయము నిచ్చినచో, వసతిగృహము బాలునికి జీవితమునకే ఆశ్రయమైనది.

మహారాజు 1905లో వారిని ధర్మప్రవర్తక బిరుదముతో సత్కరించిరి. 1910లో ఆంగ్ల ప్రభుత్వము రావు బహద్దూరు బిరుదము నొసగినది. అదే సంవత్సరమున, డెబ్బది రెండేండ్ల వయస్సున, వారు లింగైక్యము చెందిరి.

దాత గతించిన పిదప ధర్మకార్యములు దిక్కులేక శిథిలమగుట లోకమున తరచు చూచునదే. తోటదప్పగారు ఆ ప్రమాదమును ముందే ఎరిగి, ఆస్తిని ధర్మసంస్థగా ఏర్పరచి, దాని భారమును కె.పి. పుట్టణ్ణచెట్టిగారికి అప్పగించిరి. బెంగుళూరు పురపాలక సంఘాధ్యక్షులై, తరువాత సర్ బిరుదమును పొందిన పుట్టణ్ణచెట్టిగారి పేరనే ఆ నగరమందలి టౌన్ హాలు వెలసినది. సొమ్మిచ్చుట ఒక దానమైనచో, దానిని నిలుపగల సమర్థుని వెదకి నియమించుట రెండవ దానము. ఆ రెండవదానివలననే శతాబ్దము గడచినను ఆ సంస్థ నిలిచియున్నది.

రైలు స్టేషను చెంతనున్న వీథి నేటికిని తోటదప్పగారి పేరును ధరించియున్నది. వారు ప్రవచనకర్తలు కారు, గ్రంథకర్తలును కారు. అంగడిలో కూర్చుండి చేసిన కాయకమును, దాని ఫలమును పరులకు పంచిన దాసోహమును వారి ఉపదేశములు. చిన్న ఊరిలో తక్కెడ పట్టి కూర్చున్న ప్రతి వర్తకునకును ఆ మార్గము తెరచియే యున్నది.