కాంట్రాక్టు కూలీల నాయకుడు శంకర్ గుహ నియోగి

భిలాయి ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం అందించే దల్లీ రాజ్‌హరా గనుల్లో 1970 దశకంలో రెండు తరగతుల కార్మికులుండేవారు. ఒకరు కర్మాగారం జాబితాకెక్కిన పర్మనెంటు ఉద్యోగులు. మరొకరు చేతులతో రాయి పగులగొట్టి, తట్టలతో లారీలకెత్తే కాంట్రాక్టు కూలీలు. తవ్వేది అదే ఖనిజమైనా వారికి క్వార్టర్లు, వీరికి గుడిసెలు. 1977లో గుర్తింపు పొందిన యూనియన్లు కుదుర్చుకున్న ఒప్పందంలో పర్మనెంటు వారికి బోనస్ 308 రూపాయలు కాగా, కాంట్రాక్టు వారికి 70 రూపాయలే దక్కింది. ఆగ్రహించిన కూలీలు ఆ యూనియన్లను వీడి నియోగిని ఆశ్రయించారు.

బెంగాలీ కుటుంబంలో 1943లో జన్మించిన నియోగి అసలు పేరు ధీరేశ్. భిలాయి కర్మాగారంలో కోక్ ఓవెన్ విభాగంలో పనిచేస్తూ, కార్మికోద్యమం కారణంగా ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆపై శంకర్ పేరుతో దానీటోలా గనిలో కూలీగా చేరి, తోటి కార్మికురాలు ఆశను వివాహమాడారు. అత్యవసర పరిస్థితి కాలంలో మీసా కింద జైలు పాలై, 1977లో విడుదలయ్యారు.

ఆయన నాయకత్వాన ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ వానాకాలానికి ముందు గుడిసె మరమ్మతుకు 100 రూపాయలు, పని చూపని రోజులకు కూలి ఇవ్వాలని కోరింది. జూన్ 2 రాత్రి పోలీసులు నియోగిని అరెస్టు చేశారు. అడ్డుకున్న కూలీలపై ఆ రాత్రి, మరునాడు జరిపిన కాల్పుల్లో 11 మంది బలయ్యారు.

సంఘం వెనుకంజ వేయలేదు. గనుల్లో పూర్తి యంత్రీకరణ వస్తే ముందుగా వీధిన పడేది కాంట్రాక్టు కూలీలే. అందుకే కొంత యంత్రం, కొంత చేతిపని కలిసిన పద్ధతిని సంఘం లెక్కలతో సహా ప్రతిపాదించింది. కూలి పెరిగినా అది సారా దుకాణానికి పోతే ఇల్లు గడవదని మద్యవ్యతిరేక ఉద్యమం నడిపింది. కార్మికుల చందాలతో, శ్రమదానంతో 1983లో షహీద్ ఆసుపత్రి వెలిసింది.

1990లో భిలాయి ప్రైవేటు ఫ్యాక్టరీల కాంట్రాక్టు కార్మికులను పర్మనెంటు చేయాలన్న పోరాటానికి నియోగి పూనుకున్నారు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున నిద్రలో ఉండగానే దుండగుని తుపాకికి బలయ్యారు. అప్పటికి ఆయన వయసు 48 ఏళ్లు. సుప్రీంకోర్టు 2005లో కాల్చినవాడిని ఒక్కడినే దోషిగా తేల్చింది.

కాంట్రాక్టు పద్ధతి నేడు గనులు దాటి మున్సిపాలిటీలకు, ఆసుపత్రులకు పాకింది. జాబితాలో పేరులేని కూలీకి యూనియన్‌లో చోటుందా అన్నది నియోగి ఆనాడే లేవనెత్తిన ప్రశ్న. కార్మిక సంఘాలు దానికి నేటికీ జవాబు చెప్పవలసే ఉంది.